రైలు గడప మీద గురవమ్మ

ఖాదర్ తోలిన బస్సు పాతది. డ్రైవర్ సీటు పక్కన ఇంజను మీద ఇనుప మూత ఒకటి డొప్పలాగా లేచి ఉండేది. పులివెందులలో బయలుదేరిన బస్సు ముద్దనూరు చేరేసరికి ఆ మూత దోసె పెనంలా కాగేది. తెలియక దాని మీద కూర్చున్నవాడు ఎగిరి లేచేవాడు. ఖాదర్ ఆ మూత మీద గోనెసంచి పరిచి దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు అందించిన క్యారియర్లు పెట్టుకునేవాడు. హాస్టల్లో పిల్లకి, కోర్టు పని మీద పోయినవాడికి, ఆస్పత్రిలో మంచం పట్టినవాడికి ఇంటి అన్నం వేడి చల్లారకుండా జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో చేరేది. తర్వాత ఇదే దారికి మెట్రో రైలు బొమ్మ గీసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళేమో. నాకు మాత్రం నవ్వు రాదు. కాళ్ళు కుదురు లేక దేశమంతా తిరిగినవాణ్ణి, ఎన్నో చూసి ఊరుకున్నవాణ్ణి. దీన్ని చూసి ఊరుకోలేకపోతున్నాను.

గురవమ్మ పుట్టిల్లు దువ్వూరు దగ్గర. ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్య రోడ్డు పక్కనే ఉన్న సుద్దపల్లెకు కోడలుగా వచ్చింది. భర్త ఆదినారాయణరెడ్డి మాట తక్కువ మనిషి. ఆయన వాటా మాటలు కూడా ఆమే మాట్లాడుతుంది. నల్లరేగడి చేను, రెండు బర్రెలు, ఒక కూతురు. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో సుద్దపల్లెలో బస్సు ఆగేది కాదు. ఊరివాళ్ళు చేతులు ఊపేవాళ్ళు, బస్సు దుమ్ము కొట్టి పోయేది. అట్లా కొన్నేళ్ళు ఊపారు. ఒకరోజు కూతురు మాధవికి జ్వరం వచ్చి మూలుగుతుంటే గురవమ్మ ఇంట్లోంచి నులకమంచం మోసుకొచ్చి రోడ్డుకు అడ్డంగా వేసి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దాని మీద కూర్చుంది. వచ్చిన బస్సు ఖాదర్‌ది. అప్పటికి అతను మీసాలు సరిగా రాని కుర్రవాడు, ఆ దారిలో కొత్త. హారన్ కొట్టీ కొట్టీ దిగి వచ్చాడు.

"అక్కా, మంచం తీయక్కా. ఓనరు నన్ను సంపుతాడు."

"సంపనీ. నువ్వు ఈడ ఆపుతానంటే తీస్తా."

"ఇప్పుడు ఆపినా గదా!"

"నువ్వు ఆపినావా? మంచం ఆపింది. రేపు నువ్వు ఆపాల."

ఖాదర్ నవ్వాడు. తనే మంచం కాళ్ళు ఒక పక్క పట్టుకుని పక్కకు జరిపాడు. తర్వాత బతుకంతా ఆ దారిలోనే బస్సు తోలాడు, సుద్దపల్లెలో ఆపని రోజు లేదు. ఎక్కేవాళ్ళు లేకపోయినా బస్సు నెమ్మది చేసి గురవమ్మ ఇంటి వైపు ఒకసారి చూసి పోయేవాడు. "యాడ మల్లా మంచమేస్తాదో ఏమో" అనేవాడట కండక్టర్‌తో.

మాధవి పెద్దదై ప్రొద్దుటూరులో చదువుకు చేరినప్పుడు హాస్టల్ తిండి పడలేదు. గురవమ్మ రోజూ క్యారియర్ కట్టి ఖాదర్ చేతికి ఇచ్చేది. కింది గిన్నెలో సంగటి, దాని మీద పప్పు, పైన రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి. ప్రొద్దుటూరు బస్టాండులో మాధవి వచ్చి తీసుకునేది. సాయంత్రం ఖాళీ క్యారియర్ అదే బస్సులో తిరిగి వచ్చేది. ఖాదర్ దీనికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. చెనిక్కాయలు పీకే రోజుల్లో గురవమ్మ ఒడిలోంచి ఇన్ని పచ్చికాయలు తీసి అతని ముందు అద్దం దగ్గర పోసేది, అంతే. మాధవి చదువు ముగించి ఉద్యోగంలో చేరి పెళ్ళి చేసుకుంది. ఖాదర్ బస్సు ముందు భాగంలో మాత్రం ఎవరివో ఒకరి క్యారియర్లు ఉంటూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క మాట, అడ్డం వచ్చినా సరే, చెప్పి పోతాను. తెలుగులో రాసిన అతి పాత శాసనాలు ఈ జిల్లాలోనే దొరికాయి. ఎండలో నడిచి వెళ్ళి ఆ రాళ్ళను తడిమి చూసినవాణ్ణి నేను. ఎవడో రాజు ఎవడికో భూమి ఇచ్చాడని చెక్కించాడు, సంతోషం. ఆ అలవాటు ఈ మట్టిలో పోలేదు. మన ఇళ్ళలో గిన్నెలు చూడండి. చెంబు మీద పేరు, పళ్ళెం మీద పేరు, పెళ్ళిలో చదివించిన బిందె మీద చదివించినవాడి పేరు, ఊరు, తేదీ. గిన్నెల అంగట్లో చిన్న మిషనుతో కుర్రవాడు గిర్రుమనిపిస్తూ చెక్కుతాడు. గురవమ్మ క్యారియర్ మీద, నాలుగు గిన్నెల మీదా మూత మీదా, 'ఎన్. ఆదినారాయణరెడ్డి, సుద్దపల్లె' అని ఉంటుంది. అటువంటి వస్తువును పట్టుకుని 'ఎవరిదో తెలియని వస్తువు' అని కాగితం మీద రాసుకున్నారు చదువుకున్నవాళ్ళు. ఆ కథ ఇప్పుడు వస్తుంది.

మెట్రో వస్తుందన్నప్పుడు గురవమ్మ అందరికంటే ఎక్కువ సంబరపడింది. పులివెందుల రైలు ముఖం చూడని ఊరు. అక్కడినుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు దాకా నగరాల్లో తిరిగే రకం రైలు, అదీ స్తంభాల మీద, ఏసీ పెట్టెలతో! సుద్దపల్లెలో కూడా స్టేషన్ అన్నారు. వాళ్ళ చేన్లో స్తంభాలు లేచాయి. ఆదినారాయణరెడ్డి గొణిగితే ఆమె నోరు మూయించింది. "మన చేన్లో కాళ్ళు పెట్టుకొని నిలబడే రైలప్పా అది. మనకు కాకుండా ఎవురికి పనిచేస్తాది?" ఈ ఒక్క నమ్మకమే తర్వాత ఆమెను పోలీసుల దాకా తీసుకుపోయింది.

మొదటి రైలు వచ్చిన నాడు ఊరంతా స్టేషన్ ఎక్కింది. పూలదండ, టెంకాయ, పళ్ళెంలో పసుపు కుంకుమ. ఈ సీమలో కొత్త బండి ఊళ్ళోకి వస్తే తోలేవాడికి బొట్టు పెట్టి దండ వేస్తారు. రైలు వచ్చి ఆగింది. గురవమ్మ పళ్ళెం పట్టుకుని ముందుకు నడిచింది. ముందు పెద్ద అద్దం, అద్దం వెనక ఖాళీ.

"డ్రైవర్ యాడప్పా?" అంది.

పక్కనున్న కంపెనీ కుర్రవాడు గర్వంగా చెప్పాడు. "డ్రైవర్ ఉండరండీ. అదే దీని గొప్ప."

"ఉండకపోతే గొప్పా? మరి దండ ఎవురికేయాల?"

 ఆఖరికి ఆమె అద్దానికే బొట్టు పెట్టింది. మర్నాటికి ఎవరో తుడిచేశారు.

నేను రైళ్ళు చాలా ఎక్కాను. బొగ్గు ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్ ఎర్రగా కాలిన పార మీద కోడిగుడ్డు వేయించుకుని డ్రైవర్‌కు సగం పెట్టడం చూశాను. కలకత్తాలో ట్రామ్ తోలేవాడు కాలితో గంట కొడుతూ, దారికి అడ్డం వచ్చినవాణ్ణి తిట్టే తిట్లు విన్నాను. ఆ తిట్టు కూడా ఒక ఏర్పాటే. ముందర ఒక మనిషి ఉన్నాడు, నువ్వు అడ్డం వస్తే చూస్తాడు, చేయి ఎత్తితే ఆపుతాడు, ఆపకపోతే మర్నాడు వాడి కాలర్ పట్టుకోవచ్చు. డ్రైవర్ లేని రైలు ప్రపంచంలో చాలా చోట్ల ఉందని నాకూ తెలుసు. బాగానే నడుస్తుంది, నిజమే. యంత్రం మీద నాకు కోపం లేదు. మనిషిని తీసేసినప్పుడు ఆ మనిషి తోలడం ఒక్కటే చేస్తున్నాడా, ఇంకేమైనా చేస్తున్నాడా అని ఒక్కడూ వచ్చి అడగలేదే, అది నా కోపం.

మెట్రో వచ్చాక ఆ దారిలో బస్సు అక్కర్లేదన్నారు. ఓనరు బస్సు అమ్ముకున్నాడు. ఖాదర్ జమ్మలమడుగులో ఇంట్లో కూర్చున్నాడు. ఇంతకాలం అందరి అన్నం వేళకు చేర్చినవాడు తను వేళకు తిన్నది తక్కువ. కడుపులో పుండు ముదిరి, ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. భార్య నూరున్నీసా అక్కడే వరండాలో చాప వేసుకుని ఉంది. హోటల్ తిండి ముట్టకూడదన్నారు డాక్టర్లు. మెత్తటి సంగటి, కారం లేని పప్పు, మజ్జిగ, అంతే పెట్టాలన్నారు. ప్రొద్దుటూరు హోటళ్ళలో కారం లేనిది మంచినీళ్ళొక్కటే.

ఈ మాట తెలిసిన రోజే గురవమ్మ నూరున్నీసాకు ఫోన్ చేసింది. "నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. దినామూ బువ్వ నేను పంపిస్తా."

"ఎట్ల పంపిస్తావు గురవక్కా? బస్సు లేదే."

"బస్సు లేకుంటే రైలు లేదా?"

మొదటి రెండు మూడు రోజులు తనే తీసుకుపోయింది. ఆలోగా చేన్లో పత్తి పగిలింది. మబ్బు పడుతోంది, కూలీలు దొరికిన రోజే తీయించుకోవాలి. ఇక ఆమె ఇన్నేళ్ళూ చేసిందే చేసింది. రైలు సుద్దపల్లెలో ఆగగానే ముందు పెట్టె ఎక్కి, ముందు అద్దం కింద, డ్రైవర్ ఉండాల్సిన చోట, గుడ్డలో కట్టిన క్యారియర్ పెట్టి, పెట్టెలో ఉన్నవాళ్ళకు వినబడేట్టు "ప్రొద్దుటూరులో నూరున్నీసా వస్తాది, ఇయ్యండప్పా" అని కేకేసి, తలుపు మూసుకునేలోపల దిగిపోయేది. ఎక్కినవాళ్ళు "సరేలేమ్మా" అనేవాళ్ళు. క్యారియర్ చేరేది. ఖాళీది అదే పద్ధతిలో తిరిగి వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అందులో వింత ఏమీ కనిపించలేదు. ముందు భాగంలో పెట్టిన క్యారియర్ దారిలో ఉన్న అందరి బాధ్యత. ఎప్పుడూ అంతే.

నేను పులివెందులలో ఒక స్నేహితుడి చీనీతోటలో, బత్తాయి చెట్ల మధ్య, నాలుగు రోజులుండి ఆ రైల్లో ప్రొద్దుటూరు వస్తున్నాను. ముందు పెట్టెలో పెద్దగా జనం లేరు. చీనీకాయల గంప పెట్టుకుని ఒక పెద్దామె, ఫోన్లో మునిగిన ఇద్దరు ముగ్గురు, నేను. సుద్దపల్లెలో గురవమ్మ ఎక్కి, క్యారియర్ పెట్టి, నన్ను చూసి "పెద్దాయనా, నీదే భారం" అని దిగిపోయింది. నేను తల ఊపాను. రైలు పెన్నా వంతెన మీదికి వచ్చింది. సగంలో ఆగిపోయింది.

పైనుంచి ఆడగొంతు. రికార్డు చేసిన గొంతు. "ప్రయాణికులకు గమనిక. మీ పెట్టెలో యజమాని లేని వస్తువు గుర్తించబడింది. దయచేసి దానిని తాకకండి."

నేను లేచి తలుపు పక్కన ఎర్ర బటన్ నొక్కాను. ఈసారి మగ గొంతు, నిజమైనదే. "చెప్పండి."

"అది క్యారియరప్పా. అన్నం."

"మీదా?"

"నాది కాదు. నాకు అప్పజెప్పారు."

"ఎవరు?"

"సుద్దపల్లె ఆమె."

"పేరు?"

నాకు అప్పటికి ఆమె పేరు తెలియదు. క్యారియర్ మీద ఉంటుంది, చూసి చెబుతానన్నాను. తాకవద్దన్నాడు. చీనీకాయల పెద్దామె ఓపిక పట్టలేక బటన్ దగ్గరికి వచ్చింది. "ఒరే అబ్బీ, అది ఖాదర్‌కు పొయ్యే బువ్వరా! దినామూ పోతాది. ఖాదర్ తెల్దా నీకు?"

అవతల మాట ఆగింది. ఆ కాస్త మౌనంలో ఏం జరిగిందో నాకు అర్థమైంది, ఆమెకు కాలేదు. తర్వాత గొంతు మారింది. "అందరూ వెంటనే వెనక పెట్టెలోకి వెళ్ళండి."

"ఏందిరా ఆయప్ప అట్ల భయపడతాండాడు?" అని ఆమె నన్ను అడిగింది. నేనేం చెప్పను? ఒక పేరు చెవిన పడగానే పప్పు మందుగుండు అయిపోయిందని ఆ తల్లికి ఎట్లా చెప్పను?

మమ్మల్ని వంతెన పక్కనున్న ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరిని నడిపించి దించారు. పోలీసులు వచ్చారు. మందపాటి కోటు తొడుక్కున్న ఒకాయన కర్రకు కొక్కెం కట్టి క్యారియర్‌ను పట్టుకుని పెన్నా ఇసుకలోకి తెచ్చాడు. నీళ్ళు లేని ఏరు, అంతా ఇసుకే. గుంత తీసి పెట్టారు. నేను అరిచాను. చీనీకాయల ఆమె నాకంటే గట్టిగా అరిచింది. "మూత తీసి చూడండ్రా, మీ చేతులు పడిపోను! మూత తీసి చూడండి!" ఢామ్మంది. సంగటి ముద్దలు ఇసుకలో పడ్డాయి. రెండు కుక్కలు ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి నిశ్చింతగా తినడం మొదలుపెట్టాయి. విచారణ అక్కడితో ముగియాలి. ముగియలేదు.

కెమెరాలో బొమ్మ చూసి గురవమ్మను పత్తిచేన్లోంచి జమ్మలమడుగు పోలీస్ స్టేషన్‌కు పట్టుకొచ్చారు. ఒడిలో దూది అట్లాగే ఉంది. సాక్షినని నన్నూ కూర్చోబెట్టారు. మెట్రో భద్రత చూసే అధికారి పేరు శేషగిరి. నిదానస్తుడు, గట్టిగా మాట్లాడడు. అతని పక్కన, ముద్దనూరులో మెట్రో కంట్రోల్ గదిలో పనిచేసే యువ ఇంజనీరు శ్రీహర్ష, కోస్తా జిల్లా కుర్రవాడు, తెరవైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇది మీరేనా?" తెర మీద బొమ్మ చూపించాడు శేషగిరి.

"నేనే. ముఖం సరిగా పడలా."

"ఎందుకు వదిలేసి వెళ్ళారు?"

"వదిలేసేదేంది? పంపించినా."

"ఎవరితో పంపించారు?"

"రైలుతో."

"రైల్లో ఎవరూ లేరు గదమ్మా."

"నేనూ అదే అడుగుతాండా. ఎవురూ లేని రైలు మాకెందుకు తెచ్చినారు?"

శేషగిరి ఊపిరి తీసుకున్నాడు. "మీవల్ల లైనంతా ఆగిపోయింది. ఎంతమందికి ఇబ్బందో తెలుసా?"

"మా ఖాదరు పొద్దున్నించి ఖాళీ కడుపుతో ఉండాడు. కడుపు కోయించుకోని కుట్లేయించుకున్నోడు. ఆయప్ప సంగతి ఈడ ఒకడూ అడగడే?"

శేషగిరి ఒక కాగితం ముందుకు తోశాడు. తప్పయింది, ఇకమీద చేయను అని రాసి సంతకం పెడితే కేసు లేకుండా చూస్తానన్నాడు. అతను మంచితనంతోనే అన్నాడు. నాకు అదే ఎక్కువ మండింది.

"నా క్యారియర్ ఈడ పెట్టు. సంతకం పెడతా."

శ్రీహర్ష ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వంకరపోయిన మూత, చీలిన గిన్నె ముక్క. గురవమ్మ మూత తీసి చీరకొంగుతో ఇసుక తుడిచింది. 'ఆదినా' దాకా ఉంది. మిగతాది లేదు.

"మా ఆయన పేరు సగం చేసినారు" అంది. కాసేపటికి తల ఎత్తింది. "నీదే ఊరు నాయనా?"

"కమలాపురం."

"యాడ సదువుకున్న్యావు?"

శేషగిరి జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు, కానీ చెప్పాడు. "ప్రొద్దుటూరు."

"నీకు బువ్వ యాన్నుంచి వచ్చేది?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. అతనికి తెలుసు! క్యారియర్ అంటే ఏమిటో, బస్సు ముందు భాగం అంటే ఏమిటో ఈ గదిలో అందరికంటే అతనికే తెలుసు. తెలియనివాడు చేస్తే ఓర్చుకోవచ్చు.

"అప్పటి రోజులు వేరమ్మా" అన్నాడు.

"నీ క్యారియర్‌ను అప్పుడెవుడన్నా బాంబని పేల్చింటే ఈపొద్దు నువ్వు ఈ కుర్చీలో ఉండేటోనివా? ఆ కాగితం నువ్వే రాసి పెట్టుకో."

లేచి పోయింది. సంతకం పెట్టలేదు. ఆ రోజు ఖాదర్ రెండు అరటిపళ్ళు తిని పడుకున్నాడని ఫోన్‌లో తెలిసింది. అది విని ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదట. గురవమ్మ మాట్లాడకపోవడం ఆదినారాయణరెడ్డి పెళ్ళయ్యాక మొదటిసారి చూశాడట, భయపడ్డాడట.

నేను ఆ రాత్రి జమ్మలమడుగులో ఉండిపోయాను. మర్నాడు ప్రొద్దుటూరు పోవాల్సినవాణ్ణి వెనక్కి తిరిగి సుద్దపల్లెలో దిగాను. ఏదో జరుగుతుందనిపించింది.

పులివెందుల నుంచి రైలు వచ్చింది. ముందు పెట్టె తలుపు తెరుచుకుంది. గురవమ్మ వేరే క్యారియర్‌తో వచ్చింది, ఇత్తడిది, మీద ఆమె పుట్టింటివాళ్ళ పేరు ఉంది. లోపలికి ఎక్కలేదు. తలుపు మధ్యలో, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద, ఒక కాలు పెట్టెలో పెట్టి, గడప మీద కూర్చుంది. క్యారియర్ ఒళ్ళో పెట్టుకుంది. తలుపు మూసుకోబోయి, ఆమె భుజానికి తగిలి, మళ్ళీ తెరుచుకుంది.

"దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అంది రికార్డు గొంతు.

"నిలబళ్ళా, కూచున్నా" అంది గురవమ్మ.

తలుపు మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ రైలుకు అన్నీ నేర్పించారు గానీ తలుపులో కూర్చున్న ఆడమనిషిని ఏం చేయాలో నేర్పించలేదు. డ్రైవర్ అయితే దిగివచ్చి బతిమాలేవాడు, తిట్టేవాడు, మంచం కాలు ఒక పక్క పట్టుకునేవాడు.

లోపలినుంచి ఒక ముసలామె అంది. "గడప మింద కూచోగూడదు గురవా, దరిద్రం."

"ఇల్లయితే కూచోనత్తా. దీనికి ఇంటాయన ఎవురో చెప్పు, లేస్తా."

ఫైలు చంకలో పెట్టుకున్న ఒకాయన మండిపడ్డాడు. "కోర్టులో వాయిదా ఉండాది నాకు! లెయ్యమ్మా నువ్వు!"

"తొందరుంటే పోయి బస్సెక్కు."

"బస్సు యాడుండాది?"

"అద్గదీ!" అంది గురవమ్మ. పెట్టెలో నవ్వులు. ఫైలు ఆయనకు నవ్వు రాలేదు గానీ నోరు మూసుకున్నాడు. కాసేపటికి అతనూ వచ్చి ఆమె వెనకే చతికిలబడ్డాడు.

రికార్డు గొంతు మళ్ళీ మొదలుపెట్టింది. గురవమ్మ పైకి చూసింది. "నువ్వు కాదమ్మా. నీకు చేతుల్లేవు. చేతులుండేవాళ్ళను పంపీ. ఇది చేతికియ్యాల."

ముద్దనూరు నుంచి మనుషులు రావడానికి చాలాసేపు పట్టింది. వెనక రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచాయి. ఆఖరికి కంపెనీ కారులో శ్రీహర్ష వచ్చాడు, చొక్కా చెమటతో తడిసి. వెనకే మరో బండిలో పోలీసులు వస్తున్నారని ఎవరో అన్నారు.

"అమ్మగారూ, దయచేసి లేవండి. సిస్టమ్ ఆగిపోయిందండీ. ఇప్పుడీ బండిని నేనే చేత్తో నడిపి జమ్మలమడుగు దాటించాలి."

గురవమ్మ ముఖం మారింది. "ఏమంటివి?"

"నేనే నడపాలండీ."

"అంటే తోలేది ఉండాదా దీంట్లో?"

శ్రీహర్షకు తను ఏం చెప్పాడో అప్పుడు తెలిసినట్టుంది. ముందు అద్దం కింద, ఆమె ఇన్నాళ్ళూ క్యారియర్ పెట్టిన చోటనే, గోడలో కలిసిపోయిన మూత ఉంది. తాళం తీసి ఎత్తాడు. లోపల బటన్లు, ఒక పిడి. ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా లోపలికి తొంగిచూశారు.

"ఉండాది!" అంది గురవమ్మ. కూర్చున్న చోటినుంచే ఆ పిడివైపు వేలు చూపించింది.  "మనిషికి తావు పెట్టుకోని, పెట్టినదానికి మూతేసి, తాళమేసుకున్నారు. పూలదండ పట్టుకోని నిలబడితి ఆ పొద్దు, ఉండారా అని అడిగితి. ఉండరని చెప్తిరి. మా ఖాదరు లాంటోళ్ళు ఇంట్లో కూచోనుండారు. మీకు మనిషంటే అంత బరువా?"

శ్రీహర్ష తల దించుకున్నాడు. "నేను పెట్టలేదండీ ఆ మూత."

"తెలుసు. నువ్వు పిల్లోడివి. ఇంద."

క్యారియర్ చాచింది. అతను పైనున్న కెమెరా వైపు చూశాడు. చూసిన తర్వాత కూడా రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఈ కథలో నాకు కోపం రాని ఘడియ అదొక్కటే.

"ప్రొద్దుటూరు స్టేషన్లో నూరున్నీసా ఉంటాది. చేతిలో ఎర్ర ప్లాస్టిక్ బుట్ట. ఆమె చేతికే ఇయ్యి. మెల్లిగా తోలు, పప్పు వొలుకుతాది."

గురవమ్మ గడప మీదినుంచి లేచి ప్లాట్‌ఫారం మీదికి దిగింది. నేను ఎక్కాను. తలుపు మూసుకుంటుండగా పోలీసులు మెట్లెక్కి వచ్చారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, వాళ్ళకు ఎదురు నడిచింది. రైలు ఆపినందుకు ఆమె మీద కేసు రాశారు. ఆదినారాయణరెడ్డి పొద్దు గూకాక పోయి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ కేసు ఇంకా ఉంది.

జమ్మలమడుగు దాటాక బండిని మళ్ళీ దానికే వదిలేయవచ్చట. ఆ కుర్రవాడు వదలలేదు. ప్రొద్దుటూరు దాకా తనే తోలాడు. తోలాడన్నమాటే గానీ, ఆపిన ప్రతిచోటా మేమంతా ముందుకు తూలాం. ప్రొద్దుటూరులో దిగి ఎర్రబుట్ట ఆమెను వెతికి చేతికి ఇచ్చాడు. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మర్నాడు అతనికి మెమో ఇచ్చి వేరే చోటికి పంపించారని తర్వాత విన్నాను.

నేను నూరున్నీసా వెంట ఆస్పత్రికి పోయాను. ఖాదర్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు, మీసం మాత్రం తెల్లగా గుబురుగా ఉంది. నూరున్నీసా క్యారియర్ విప్పింది. పప్పు పై గిన్నెలోంచి కారి సంగటి చుట్టూ మడుగు కట్టింది. ఖాదర్ దాన్ని చూసి, తినకముందే అడిగాడు.

"తోలినోడు కొత్తోడా?"

"ఎట్ల తెలుసు?" అన్నాను.

"బ్రేకు ఎట్ల కొట్టినాడో ఈడ కనపడతాంది గదా సామీ." ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. "తోలనిస్తే వారంలో సదురుకుంటాడు. తోలనియ్యరు."

అంతా తిన్నాడు. గిన్నె గోడలకు అంటుకున్నది కూడా వేలితో తీసి తిన్నాడు. నూరున్నీసా పంపు దగ్గర క్యారియర్ కడిగింది. ఖాళీ గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు కాబట్టి పై గిన్నెలో నాలుగు ఖర్జూరాలు వేసి, గుడ్డలో కట్టింది.

"ఆయమ్మను పోలీసులు పట్టుకపాయిరంట గదా?" అని అడిగింది నన్ను.

"ఆ."

"సంతకం పెట్టిందా?"

"పెట్టలేదు."

ఆమె క్యారియర్ చేతికి తీసుకుంది. బుర్ఖా సర్దుకుని స్టేషన్‌కు బయలుదేరింది. నేనూ వెంట నడిచాను. ప్లాట్‌ఫారం మీద అప్పటికే కొత్త బోర్డు ఒకటి వేలాడుతోంది, యజమాని లేని వస్తువులు పంపరాదని. నూరున్నీసా దాని కిందనే నిలబడింది. పులివెందుల పోయే రైలు వచ్చి ఆగింది. ముందు అద్దం వెనక ఖాళీ. మూత మూసి ఉంది. తలుపు తెరుచుకుంది.

నూరున్నీసా అటూ ఇటూ చూసింది. ఇంతవరకూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. క్యారియర్‌ను గుండెకు ఆనించుకుని, ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు బయటే ఉంచి, గడప మీద కూర్చుంది.

"దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అంది పైనుంచి గొంతు.

తలుపు వచ్చి ఆమె భుజానికి తగిలి, వెనక్కి పోయింది.